జెరేనియం వార్డు

నల్లరాళ్ళపాడు ప్రభుత్వాసుపత్రిలో ఎక్స్‌రే యంత్రం ఉంది గానీ ఫిల్ములు లేవు. అంబులెన్సు ఉంది గానీ టైర్లు లేవు. సెలైన్ సీసాలు కావలసినన్ని ఉన్నాయి గానీ వాటిని తగిలించడానికి స్టాండ్లు లేవు. లేవని ఎవరూ బెంగపెట్టుకోలేదు. రోగి వెంట వచ్చిన బావమరిదో తోడికోడలో మంచం పక్కన నిలబడి సీసాను నెత్తి మీదికి ఎత్తి పట్టుకునేవాళ్ళు. ఒక చెయ్యి పీకితే రెండో చేతికి మార్చుకునేవాళ్ళు. అందుకే ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే, చుట్టాల్లో కాస్త పొడుగాటి మనిషిని చూసి తోడు పంపేవాళ్ళు.

అలాంటి ఆసుపత్రికి మార్చి నెలాఖరున ఒక లారీ నిండా పూలకుండీలు వచ్చాయి.

కాన్పుల వార్డు హెడ్ నర్సు సువార్తమ్మ మందుల లారీ అనుకుని గబగబా వరండాలోకి వచ్చింది. వెనక తలుపు తియ్యగానే ఎర్రగా, గులాబీరంగుగా గుత్తులు గుత్తులుగా పూలు కనిపించాయి. ఆవిడ కాసేపు చూసి, పక్కనున్న స్టోరు గుమస్తా జోగారావుతో, "ఇవి మింగాలా, రాయాలా?" అని అడిగింది.

"మింగడానికీ కాదు, రాయడానికీ కాదు సిస్టర్ గారూ, చూడ్డానికి. మందుల కంటే బాగా పనిచేస్తాయంట. పైనుంచి వచ్చినై," అన్నాడు జోగారావు. పైనుంచి ఏది వచ్చినా, చివరికి పిడుగైనా సరే, సంతకం పెట్టి దించుకునే రకం ఆయన.

సంగతేమిటంటే, రాజధానిలో ఒక పెద్ద ఆఫీసరు ఆసుపత్రుల నిర్వహణ నేర్చుకోవడానికి ఏదో చలిదేశానికి వెళ్ళొచ్చాడు. అక్కడ ఒక ఆసుపత్రి కిటికీల నిండా కుండీల్లో జెరేనియం పూలు కనిపించాయి. లోపలికి వెళ్ళి చూస్తే రోగులు పెద్దగా లేరు. పూలున్నాయి, రోగులు లేరు. కాబట్టి పూలున్నందువల్లే రోగులు లేరని ఆయనకు విమానంలో తిరిగొస్తుండగా స్ఫురించింది. దిగీ దిగగానే 'పుష్పారోగ్య పథకం' పుట్టింది. దానికి ఆయనే ప్రత్యేకాధికారి అయ్యాడు.

జెరేనియం మంచి మొక్కే. దాని మీద సువార్తమ్మకు ఏ కోపమూ లేదు. గుండ్రటి ఆకు, ఆకు నలిపితే ఘాటైన వాసన, పొడుగాటి కాడ చివర బంతిలా పూలగుత్తి. బాగా చూసుకుంటే నెలల తరబడి పూస్తూనే ఉంటుంది, ఏళ్ళ తరబడి బతుకుతుంది. కాకపోతే దానికి ఎండ కావాలి, వేడి పనికిరాదు. నీళ్ళు కావాలి, తడి పనికిరాదు. గాలి కావాలి, వడగాలి పనికిరాదు. కుండీ అడుగున కాస్త నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళిపోతుంది. కొత్తల్లుడైనా ఇన్ని షరతులు పెట్టడు. ఇక నల్లరాళ్ళపాడు చూస్తే నాపరాళ్ళ క్వారీల మధ్య ఉన్న ఊరు. గోడలు రాయి, నేల రాయి, పైకప్పు రాయి. ఏప్రిల్ వచ్చిందంటే కాకులు నోళ్ళు తెరుచుకుని చూరు కింద కూలబడతాయి.

ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ చిదానందం గారు సిబ్బందినంతా పిలిచి ఉత్తర్వు చదివారు. "తనిఖీ సమయమున ఏ కుండీ నందైననూ పుష్పము లేని యెడల, సదరు ఆసుపత్రి సూపరింటెండెంటు వారి పనితీరు వాడిపోయినదిగా పరిగణింపబడును." చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకు రిటైర్మెంటు దగ్గర పడింది. ఇప్పుడు వాడిపోవడం ఆయనకు ఎంతమాత్రమూ ఇష్టం లేదు.

"రోగుల మాటేమిటి సార్? రోగి చచ్చిపోతే ఏమని పరిగణిస్తారు?" అని సువార్తమ్మ అడిగింది.

"ఆ విషయమై ఉత్తర్వులో ప్రస్తావన లేదు," అన్నారు చిదానందం గారు నిజాయితీగా.

ఏప్రిల్ మొదటి వారానికే ఆకులు పసుపు పచ్చబడ్డాయి. గుత్తులు ఒరిగిపోయాయి. చిదానందం గారికి అన్నం సహించలేదు. పొద్దున్నే ఓపీకి వెళ్ళకుండా కుండీల దగ్గరికి వెళ్ళి ఆకులు పట్టుకుని చూసేవారు. పైగా జెరేనియంకు ఒక గుణం ఉంది. వాడిన పూలను ఎప్పటికప్పుడు తుంచేస్తేనే కొత్త మొగ్గ వేస్తుంది. తుంచేద్దామని ఆయా చెయ్యి పెట్టబోతే జోగారావు అడ్డం పడ్డాడు.

"అది ప్రభుత్వ ఆస్తి. వాడింది అని నువ్వంటే సరిపోదు. చనిపోయిందని డాక్టరు ధ్రువీకరించాలి," అన్నాడు.

దాంతో రోజూ పొద్దున ఓపీ ముందు జనం బారులు తీరి మూలుగుతూ ఉంటే, డ్యూటీ డాక్టరు టార్చిలైటు పట్టుకుని పువ్వు పువ్వునూ పరీక్షించి, మరణ కారణం 'సహజం' అని రాసి సంతకాలు పెట్టేవాడు. ఒకసారి పొరపాటున సగం బతికున్న పువ్వుకు సర్టిఫికెట్ ఇచ్చాడని మెమో కూడా అందుకున్నాడు. రోగుల విషయంలో అతనికి అంతవరకూ ఒక్క మెమో రాలేదు.

ఇంత చేసినా ఎండ ముందు డాక్టరు సంతకాలు నిలబడలేదు. మొక్కలు చస్తున్నాయి. అప్పుడు జోగారావుకు ఆలోచన వచ్చింది. ఆసుపత్రి మొత్తానికి పనిచేసే ఏసీ ఉన్న గది ఒక్కటే. అది కాన్పుల వార్డు పక్కనున్న పసిపిల్లల గది. ఊళ్ళోవాళ్ళు చందాలు వేసుకుని పెట్టించింది. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళను, బరువు తక్కువ వాళ్ళను తల్లులతో సహా సువార్తమ్మ అందులో ఉంచేది.

మర్నాటికల్లా ఆ గది తలుపు మీద కొత్త బోర్డు వేలాడింది. 'సున్నిత మొక్కల సంరక్షణ కేంద్రం. రోగులకు ప్రవేశం లేదు.'

ఆ సమయానికి గదిలో ఉన్నది గంగాభవాని. క్వారీలో రాళ్ళు ఎత్తే ఏడుకొండలు భార్య. ఆమెకు నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. పిల్ల అరచేతిలో పట్టేంత ఉంది. ఏడవడానికి కూడా ఓపిక లేక పిల్లికూనలా మూలిగేది. భవానినీ, మరికొందరు బాలింతలనూ పక్క వార్డులోకి పంపించారు. అక్కడ పైన రాతికప్పు, కింద రాతినేల, మధ్యలో గాలి కంటే ఎక్కువ చప్పుడు చేసే ఒక్క ఫ్యాను. సాయంత్రానికి పిల్ల ఒళ్ళు పెనంలా కాలిపోయింది. తడిగుడ్డ వేస్తే నిమిషంలో ఆరిపోయేది. పాలు పట్టబోతే పెదవి కదిపేది కాదు.

"ఏంది సిస్టరమ్మా ఇది. మనుషులకి లేని ఏసీ మొక్కలకేంది. నా బిడ్డ ఈ ఎండకి ఆగుద్దా?" అంది భవాని. ఏడుపు మింగుకుని అడిగింది.

సువార్తమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎన్నో కాన్పులు చూసిన మనిషి. ఇంత చిన్న ప్రాణం ఇలాంటి వేడిలో ఎన్నాళ్ళు నిలుస్తుందో ఆవిడకు ఒకరు చెప్పనక్కర్లేదు. తిన్నగా సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళింది. అక్కడ జోగారావు కూడా ఉన్నాడు.

"ఆ పిల్లకు చల్లటి గది కావాలి సార్. లేకపోతే దక్కదు," అంది.

"సిస్టర్, మీ ఆవేదన నాకు అర్థమవుతోంది. కానీ పిల్లల గురించి తనిఖీ ఎప్పుడో తెలీదు. పూల గురించి తనిఖీ వచ్చే నెలే," అన్నారు చిదానందం గారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కాస్త సిగ్గు కనిపించిన మాట నిజం. కానీ సిగ్గు వల్ల ఆయన ఏ నిర్ణయమూ ఎప్పుడూ మార్చుకోలేదు.

"మొక్కల పక్కన ఒక మూల పడుకుంటారు. మొక్కలకేం నష్టం?"

"బోర్డు రాయించేశాం గదా," అన్నాడు జోగారావు.

సువార్తమ్మ ఇంకా ఏదో అనబోతుండగా చిదానందం గారు తలపట్టుకున్నారు. "అసలు ఇప్పుడు నా ప్రాణానికి అది కాదు సిస్టర్. ఈ స్టాండ్ల గొడవ ఒకటొచ్చిపడింది. కుండీలు నేలకు తగలకూడదట. అడుగున గాలి ఆడాలి, నీళ్ళు జారిపోవాలి. ప్రతి కుండీకి స్టాండు తప్పనిసరి అని రెండో ఉత్తర్వు. స్టాండ్లు మాత్రం పంపలేదు. వాటి టెండరు కోర్టులో ఉందట."

"స్టూళ్ళ మీద పెట్టండి."

జోగారావు కంగారుపడ్డాడు. "అమ్మో, స్టూలును స్టాండుగా వాడితే స్టూలు దుర్వినియోగం కిందికి వస్తది. ఆడిట్‌వాళ్ళు తోలు తీస్తారు. బల్లలూ అంతే, మంచాలూ అంతే."

సువార్తమ్మ గుమ్మం దాకా వెళ్ళింది. ఎదురుగా మగవాళ్ళ వార్డులో ఒక ముసలాయనకు సెలైన్ ఎక్కుతోంది. ఆయన అల్లుడు సీసాను పైకెత్తి పట్టుకుని నిలబడే కునుకు తీస్తున్నాడు. ఆవిడ ఆ అల్లుడి వంక కాసేపు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి చాలా నెమ్మదిగా మాట్లాడింది. ఆవిడ నెమ్మదిగా మాట్లాడటం ఆ ఆసుపత్రిలో ఎవరూ అంతవరకూ వినలేదు.

"సార్, సెలైన్ సీసాలకు మన దగ్గర స్టాండ్లు ఎవరు?"

"ఇంకెవరు, మనుషులే," అన్నారు చిదానందం గారు.

"సీసాలకు పనికొచ్చినవాళ్ళు కుండీలకు పనికిరారా?"

జోగారావు బీరువా తెరిచి నిబంధనల పుస్తకాలన్నీ తిరగేశాడు. స్టూలును, బల్లను, మంచాన్ని, చివరికి తలుపు రెక్కను కూడా స్టాండుగా వాడరాదని ఉంది. మనిషిని వాడరాదని ఎక్కడా లేదు.

"పూర్వోదాహరణ కూడా ఉంది. ఎన్నేళ్ళ నుంచో ఉంది," అన్నారు చిదానందం గారు. ఆయన ముఖం విప్పారింది.

"కాకపోతే స్టాండు అన్నాక కదలకుండా ఉండాలి సార్. మగవాళ్ళయితే బీడీకని, టీకని పోతారు. పగలూ రాత్రీ ఒకచోట కూర్చునే మనుషులు కావాలి. బాలింతలయితే ఎక్కడికీ పోరు," అంది సువార్తమ్మ.

"భేష్," అన్నారు చిదానందం గారు. జోగారావు మాత్రం కలం ఆపాడు.

"మరి బాలింత పక్కన పిల్ల ఉంటది గదా. దాన్నేమని రాసేది?"

"అటాచ్‌మెంటు అని రాయండి. విడదీస్తే స్టాండు పనిచెయ్యదు," అంది సువార్తమ్మ.

ఆ విధంగా గంగాభవాని, తక్కిన బాలింతలు తిరిగి చల్లటి గదిలోకి వెళ్ళారు. వెళ్ళేముందు జోగారావు వాళ్ళందరినీ రోగుల లెక్కలోంచి డిశ్చార్జి చేశాడు. ఒకే మనిషి ఇటు రోగిగానూ అటు ఫర్నిచరుగానూ ఉండటం కుదరదట. తర్వాత 'కుండీ స్టాండు, మానవ నమూనా, అటాచ్‌మెంటు సహా' అని స్టాకులో ఎక్కించాడు. కుర్చీలకు వేసినట్టు వీపు మీద తెల్లరంగుతో నంబరు వేస్తానని డబ్బా, బ్రష్షు పట్టుకుని వచ్చాడు. సువార్తమ్మ ఆ డబ్బా లాక్కుని, ప్లాస్టరు ముక్క మీద నంబరు రాసి ఒక్కొక్కరి మోచేతికి అంటించింది. ఆయన అయిష్టంగానే ఒప్పుకున్నాడు.

"నవ్వాల్నో ఏడవాల్నో తెలవట్లేదు సిస్టరమ్మా," అంది భవాని కుండీని ఒళ్ళో పెట్టుకుని.

"నవ్వకు, ఏడవకు. స్టాండ్లు ఆ రెండూ చెయ్యవు. పిల్లకు పాలు పట్టు," అంది సువార్తమ్మ.

తలుపు మూసుకుంటే కుండీలు మంచాల మీదికి వెళ్ళేవి, బాలింతలు హాయిగా నడుం వాల్చేవాళ్ళు. బూట్ల చప్పుడు వినిపిస్తే లేచి కుండీలు చేతుల్లోకి తీసుకునేవాళ్ళు. ఖాళీగా కూర్చోలేక వాడిన పూలను ఏ సర్టిఫికెట్టూ లేకుండా తుంచేసేవాళ్ళు. కుండీలను కిటికీ వెలుగు వైపు తిప్పేవాళ్ళు. మట్టిలో వేలు గుచ్చి చూసి పొడిగా ఉంటేనే నీళ్ళు పోసేవాళ్ళు. మొక్కలు మళ్ళీ చిగురించి, మొగ్గ తొడిగి, గది నిండా పూశాయి. భవాని కూతురు కూడా జ్వరం తగ్గి కళ్ళు తెరిచింది. గుక్కలు గుక్కలుగా పాలు తాగడం మొదలుపెట్టింది. ఆ గుక్క చప్పుడు విన్నరోజున సువార్తమ్మ ఇంటికి పోయి కడుపునిండా అన్నం తిన్నది. అంతకుముందు వారం నుంచీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ప్రత్యేకాధికారి గారు చెప్పిన రోజుకే వచ్చారు. వెనక ఫోటోగ్రాఫరు, చిదానందం గారు, జోగారావు. రాతికప్పు వార్డుల్లో రోగులు అటూ ఇటూ దొర్లుతున్నా ఆయన చూపు పక్కకు తిప్పలేదు. చల్లటి గదిలోకి రాగానే గుమ్మంలో నిలబడిపోయారు. ఎర్రవి, గులాబీవి, ఒక్కో కుండీకి గుత్తుల మీద గుత్తులు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"చిదానందం గారూ, ఇదీ ఆరోగ్యమంటే. ఈ రాష్ట్ర భవిష్యత్తు నాకు ఈ గదిలో కనబడుతోంది," అన్నారు. తర్వాత ఒక పువ్వు మీదికి వంగి, దాని కిందున్న భవాని వైపు చూశారు. "స్టాండ్లు కూడా వెరైటీగా ఉన్నాయే. ఏ కంపెనీవి?"

"లోకల్ తయారీ సార్," అన్నారు చిదానందం గారు.

"ఎత్తు సరిగ్గా సరిపోయింది. మెటీరియల్ మన్నికగా ఉంటుందా?"

"తరతరాలుగా వాడుతున్నదే సార్," అంది సువార్తమ్మ.

అంతలో భవాని ఒళ్ళోని పిల్ల కెవ్వుమంది. ప్రత్యేకాధికారి గారు ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. "ఈ చప్పుడేమిటి?"

"అటాచ్‌మెంటు సార్," అన్నాడు జోగారావు.

"కీచుమంటోంది. నూనె వేయించండి."

"రోజూ పొద్దున్నే వేస్తున్నాం సార్. నువ్వులనూనె," అంది సువార్తమ్మ.

ఆయన సంతృప్తిగా తలూపారు. ఫోటోగ్రాఫరు దీపాలు వెలిగించాడు. ఆ దీపాల వేడికి, అంతసేపు కదలకుండా కూర్చున్నందుకు భవానికి నోరెండిపోయింది. ఉండబట్టలేక, "అయ్యా, కాసిని మంచినీళ్ళు ఇప్పించండయ్యా," అంది మెల్లగా.

ప్రత్యేకాధికారి గారు చప్పున చెయ్యెత్తి వారించారు. "వద్దు వద్దు. నీళ్ళెక్కువైతే వేరు కుళ్ళిపోతుంది. అందరూ చేసే తప్పే ఇది," అని సిబ్బందికి ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చారు. అది అయ్యేదాకా భవాని గుటకలు మింగుతూ కూర్చుంది. ఆయన గుమ్మం దాటాకే సువార్తమ్మ నీళ్ళ చెంబు అందించగలిగింది.

నల్లరాళ్ళపాడు ఆసుపత్రికి ఆదర్శ పుష్పాసుపత్రి అనే బిరుదు వచ్చింది. చిదానందం గారికి శాలువా కప్పారు. అంత ఎండలో ఆ శాలువా ఆయన సాయంత్రం దాకా తియ్యలేదు.

మే నెల గడిచేసరికి పిల్ల బరువు పెరిగింది. బుగ్గలొచ్చాయి. సువార్తమ్మ ఎత్తుకుని చూసి, "ఇక ఇంటికి పోవచ్చు తల్లీ," అంది. ఏడుకొండలు తెల్లారేసరికి ఆటో మాట్లాడుకుని వచ్చేశాడు. తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. గేటు దగ్గర జోగారావు ఆపాడు.

"యాడికి తీసకపోతన్నావ్?"

"ఇంటికండీ. మా ఆడమనిషిని, పిల్లని."

"నీ ఆడమనిషి ఎప్పుడో డిశ్చార్జి అయి వెళ్ళిపోయింది గదా. సంతకం కూడా ఉంది. ఇది స్టాకు. గేటు దాటితే దొంగతనం కేసవుద్ది."

ఏడుకొండలు తన భార్య వంక చూశాడు, జోగారావు వంక చూశాడు. "ఇదేందండీ, తాళి కట్టినోణ్ణి నేను దొంగనెట్టా అవుతా?" అన్నాడు.

సువార్తమ్మ పరుగున వచ్చింది. జోగారావును తిట్టింది, బతిమాలింది. మళ్ళీ తిట్టింది. ఆయన తన తప్పేమీ లేదన్నాడు. ఒకసారి స్టాకులోకి ఎక్కిన వస్తువు బయటికి పోవాలంటే దారి ఒకటే. పనికిరాదని కమిటీ తేల్చాలి, తర్వాత బహిరంగ వేలంలో అమ్మాలి. ఆవిడ పెట్టిన మాటతోనే ఆవిడను కట్టేశాడు. తను వేసిన ఎత్తుకు ఇలాంటి కొస ఉంటుందని సువార్తమ్మ అనుకోలేదు. భవాని ముఖం చూడటానికి ఆవిడకు మొహం చెల్లలేదు.

"ఏం పర్లేదులే సిస్టరమ్మా. బిడ్డ బతికింది గందా. ఆ కమిటీ ఏందో రానీ, నేను చూసుకుంటా," అంది భవానే.

కమిటీ అంటే చిదానందం గారు, జోగారావు, డ్యూటీ డాక్టరు. ముగ్గురూ భవాని ఎదుట కుర్చీలు వేసుకున్నారు. జోగారావు ఆమె ఒళ్ళో కుండీ పెట్టాడు. భవాని దాన్ని తీసి చిదానందం గారి ఒళ్ళో పెట్టింది. జోగారావు మళ్ళీ ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె మళ్ళీ సూపరింటెండెంటు గారి ఒళ్ళోనే పెట్టింది. ఈసారి చేతులు కట్టుకుంది.

"ఇక నేను పట్టుకోను. చంపినా పట్టుకోను," అంది.

'స్టాండు భారము వహించుటకు నిరాకరించుచున్నది. మరమ్మతుకు లొంగుట లేదు. నిరుపయోగముగా నిర్ధారించడమైనది' అని డ్యూటీ డాక్టరు రాశాడు. కుండీ ఒళ్ళో ఉండటం వల్ల చిదానందం గారు సంతకం పెట్టడానికి కాస్త ఇబ్బంది పడ్డారు.

వేలం ఆసుపత్రి వెనక చెట్టు కింద పెట్టారు. తుప్పుపట్టిన మంచాలు, ఒక చక్రం ఊడిన ట్రాలీ, సొట్టలు పడ్డ బేసిన్లు ఒక వరసలో పేర్చారు. వాటి చివర చంకలో పిల్లతో భవాని నిలబడింది. ఎండ ముఖాన కొడుతుంటే కొంగు పిల్ల మీదికి లాగింది. తల మాత్రం దించలేదు. పక్కన గొడుగు పట్టుకుని సువార్తమ్మ నిలబడింది. గొడుగు స్టాకులో లేదు కాబట్టి తీసెయ్యమన్నాడు జోగారావు. ఆవిడ చూసిన చూపుకు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పాత ఇనుము కొనే మస్తాన్ వచ్చాడు. ప్రతి ఏడూ వచ్చేవాడే. మంచాలు తట్టి చూసుకుంటూ వరస చివరకు వచ్చి ఆగిపోయాడు.

"ఇదేంది సార్, ఆడకూతుర్ని నిలబెట్టారు?"

"లాటులో ఐటెం. లాటు విడదీయరాదు. మొత్తంగా పాడాలి," అన్నాడు జోగారావు.

మస్తాన్ గడ్డం గోక్కున్నాడు. ఏడుకొండలు వంక చూశాడు. తర్వాత తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "నేను పాడను. ఈ పాటకెవడన్నా నోరు తెరిస్తే నాతో మాట్లాడాల్సొస్తది," అని చుట్టూ ఉన్న వ్యాపారులకు చెప్పి, చెట్టు నీడకు పోయి కూర్చున్నాడు.

ఏడుకొండలు ముందుకొచ్చాడు. జేబులో ఉన్నదంతా తీసి బల్ల మీద పెట్టాడు. జోగారావు ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు, సుత్తితో కొట్టాడు. 'ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటిని, తదుపరి లోపములకు ఆసుపత్రి వారు బాధ్యులు కారు' అన్న కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. లాటు విడదీయకూడదు కాబట్టి తుప్పు మంచాలు, ట్రాలీ, బేసిన్లు కూడా ఏడుకొండలువే అయ్యాయి. మస్తాన్ లేచి వచ్చి వాటిని తన బండిలో వేయించుకుని, వాటి ఖరీదు కింద కొంత డబ్బు అక్కడికక్కడే అతని చేతిలో పెట్టాడు.

ఆటో ఎక్కేముందు భవాని సువార్తమ్మను వాటేసుకుంది. ఇద్దరూ ఏడ్చారు, ఇద్దరూ నవ్వారు. మోచేతి మీది ప్లాస్టరును సువార్తమ్మే పీకేసింది. అది వదిలిన చోట చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. పిల్ల మాత్రం తన వేలం సంగతి ఏమీ పట్టనట్టు నిద్రపోయింది. ఆటో మలుపు తిరిగేదాకా సువార్తమ్మ గేటు దగ్గరే నిలబడింది. ఒక ప్రాణం దక్కిందన్న సంతోషం గుండె నిండా ఉంది. దక్కించుకున్న పద్ధతి తలుచుకుంటే తల కొట్టేసినట్టూ ఉంది.

ఆవిడ వెనక్కి తిరగబోతుండగా ఇంకో ఆటో వచ్చి ఆగింది. ఒక అమ్మాయి నిండు కడుపుతో అత్తగారి భుజం పట్టుకుని దిగింది. నొప్పులు మొదలై చాలాసేపయినట్టుంది, పెదవులు కొరుక్కుంటోంది. సువార్తమ్మ ఎదురెళ్ళి నడుం చుట్టూ చెయ్యి వేసింది.

"పద తల్లీ, భయపడకు. ముందు బెడ్డు మీద పడుకుందువు గాని."

ఆ అమ్మాయి ఆగిపోయింది. ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "బెడ్డు వద్దు సిస్టరమ్మా. మా ఊళ్ళో అందరూ చెప్పారు. స్టాండు ఖాళీ ఉందా?"

సువార్తమ్మకు ఈసారి నవ్వు రాలేదు. "ఉంది. ఇప్పుడే ఒకటి ఖాళీ అయింది. కాన్పు కానీ, తర్వాత చూద్దాం," అంది.

"తర్వాతంటే ఇంకెవరన్నా వచ్చి కూసుంటారు. నా బిడ్డకి చోటుండదు. ఆ కుండీ ఇప్పుడే నా చేతికియ్యండి, పట్టుకునే కంటా," అంది ఆ అమ్మాయి. ఆ మాట మధ్యలోనే మరో నొప్పి వచ్చి ముందుకు వంగిపోయింది. అయినా చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

సువార్తమ్మ లోపలికి వెళ్ళి, నిండా పూసిన కుండీ ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.